టీవీ మధ్యలో ఆగి 'బిడ్డ కనబడటం లేదు' అని వస్తే: అంబర్ అలర్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన. అంబర్ అలర్ట్ మోగిన ప్రతిసారీ మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అవే సందేహాలు వస్తాయి. కొత్తగా దిగినవాళ్లు అడుగుతారు, ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు అడుగుతారు. మా అత్తయ్య మొదటిసారి ఆ శబ్దం విన్నప్పుడు ఇంట్లో ఒక్కరే ఉన్నారు. టీవీ ప్లగ్ పీకేసి, చేతులు వణుకుతుంటే నాకు ఫోన్ చేశారు. ఆ రోజు నుంచి రాసిపెట్టుకున్న జవాబులే ఇవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, అన్నీ వరసగా చదవక్కర్లేదు.

## టీవీ ఆగిపోయిన ఆ నిమిషం

టీవీ చూస్తుంటే ఉన్నట్టుండి గరగరమని శబ్దం వచ్చి బొమ్మ మారిపోయింది. టీవీ పాడైందా?

పాడవలేదు. ఎవరో బిడ్డను ఎత్తుకెళ్లారని పోలీసులు నిర్ధారించుకుని, మీ ప్రాంతంలోని టీవీ, రేడియోలకు పంపిన అత్యవసర ప్రకటన అది. దాన్నే అంబర్ అలర్ట్ అంటారు. కొన్ని ఛానళ్లలో తెర పైభాగాన అక్షరాలు పాకుతూ వెళ్తాయి. కొన్నిచోట్ల తెర మొత్తం మారిపోయి అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. కొన్ని కేబుల్ కనెక్షన్లలో అయితే మీరు ఏ ఛానల్ చూస్తున్నా సెట్‌టాప్ బాక్స్ తనంతట తానే ప్రకటన వచ్చే ఛానల్‌కి మారుతుంది. రిమోట్ నొక్కినా పని చేయదు. ఇదంతా మహా అయితే రెండు నిమిషాలు. తర్వాత మీ కార్యక్రమం తిరిగి వస్తుంది. ఆ రెండు నిమిషాలూ టీవీ కట్టేయకండి.

ఆ శబ్దం ఎందుకంత ఘోరంగా ఉంటుంది?

మొదట వచ్చే గరగర నిజానికి మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం. ఏ రకం ప్రమాదం, ఏ కౌంటీలు, ఎంతసేపు అనే సమాచారం అందులో కోడ్ రూపంలో ఉంటుంది. పొరపాటు రాకుండా దాన్ని మూడుసార్లు పంపుతారు. పిల్లల అపహరణకు 'సీ ఏ ఈ' అని ప్రత్యేకమైన కోడ్ ఉంది, 2002లో చేర్చారు. ఆ వెంటనే 853, 960 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు కలిపి మోగుతాయి. అది మన కోసం. వంటింట్లో ఉన్న మనిషి కూడా చేతిలో పని వదిలి టీవీ వైపు తిరగాలనే అది అంత కర్ణకఠోరంగా ఉంటుంది.

ఆ శబ్దాన్ని ప్రకటనల్లో, సినిమా ట్రైలర్లలో వాడటం నిషేధం. ఒక సినిమా ట్రైలర్‌లో అది వినిపించినందుకు 2014లో మూడు కేబుల్ సంస్థల మీద కలిపి 19 లక్షల డాలర్లకు పైగా జరిమానా పడింది. ఎవరు పడితే వాళ్లు వాడితే జనం పట్టించుకోవడం మానేస్తారు కదా.

మా అమ్మానాన్నలు చాలా భయపడ్డారు. మా ఇంటికేమైనా ప్రమాదమా?

లేదు. అంబర్ అలర్ట్ వచ్చిందంటే మీరు ఇల్లు ఖాళీ చేయాలని కాదు, తలుపులు బిగించుకోవాలని కూడా కాదు. మీ కళ్లు కావాలని మాత్రమే అర్థం. పెద్దవాళ్లకు ముందే ఒక్క మాట చెప్పిపెట్టండి: "ఊళ్లో దండోరా వేసినట్టే అత్తయ్యా, ఎవరి బిడ్డో కనబడటం లేదని చెబుతున్నారు." మా ఇంట్లో ఈ ఒక్క మాటతో టెన్షన్ పోయింది. ఇప్పుడు అలర్ట్ వస్తే ఆవిడే కారు రంగు చదివి మాకు చెబుతారు.

ప్రతి నెలా ఇలాంటి శబ్దమే వస్తోంది. అన్నిసార్లూ ఎవరో బిడ్డ తప్పిపోయినట్టేనా?

కాదు. అత్యవసర వ్యవస్థ పని చేస్తోందో లేదో చూడటానికి స్టేషన్లు వారానికోసారి, నెలకోసారి పరీక్ష చేస్తాయి. నెలవారీ పరీక్షలో శబ్దం కూడా అచ్చం అలాగే ఉంటుంది. 'ఇది పరీక్ష మాత్రమే' అని తెర మీద రాసి ఉంటుంది. 2023 అక్టోబరు 4న దేశమంతటా టీవీలు, ఫోన్లు ఒకే రోజు మోగింది కూడా పరీక్షే. సుడిగాలి హెచ్చరికలకు కూడా ఇదే శబ్దం వాడతారు కాబట్టి, శబ్దం విని ఊరుకోకుండా అక్షరాలు చదవాలి.

మేం యాప్‌లో తెలుగు ఛానళ్లే చూస్తాం. మాకెప్పుడూ రాలేదేం?

రాదు. ఈ వ్యవస్థ స్థానిక టీవీ, రేడియో స్టేషన్లు, కేబుల్ కనెక్షన్ల మీద నడుస్తుంది. ఇంటర్నెట్ ద్వారా వచ్చే సినిమాల యాప్‌లు, తెలుగు ఛానళ్ల యాప్‌లు దాని పరిధిలో లేవు. అమెరికాలో మన ఇళ్లలో చాలావరకు టీవీ ఇలాగే నడుస్తోంది. అంటే పక్కింటి అమెరికన్ ముసలాయనకు తెలిసిన సంగతి మనకు తెలియదు. మీ ఇంట్లో టీవీ పూర్తిగా యాప్‌ల మీదే ఉంటే, కనీసం ఫోన్‌లో అలర్ట్‌లు ఆన్‌లో ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి అట్టడుగుకి దిగితే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అని వెతకండి.

ఫోన్‌కి వచ్చే అలర్ట్ ఎస్ఎంఎస్సేనా? మన నంబరు వాళ్లకెలా తెలుసు?

వాళ్లకు మీ నంబరు తెలియదు. ఎస్ఎంఎస్ ఒక్కో నంబరుకి వెళ్తుంది. ఇది అలా కాదు, ఆ ప్రాంతంలోని సెల్ టవర్లు రేడియో స్టేషన్ లాగా ఒకేసారి ప్రసారం చేస్తాయి, టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ అందుకుంటాయి. మీరెక్కడ ఉన్నారో ఎవరూ కనిపెట్టరు, డబ్బులూ పడవు. అంబర్ అలర్ట్‌లు ఇలా ఫోన్లకు రావడం 2013 జనవరిలో మొదలైంది. అప్పట్లో 90 అక్షరాలే పట్టేవి, ఒక కారు నంబరు రాస్తే చోటు అయిపోయేది. 2019 చివరి నుంచి 360 అక్షరాల దాకా పంపే వీలు వచ్చింది.

## ఇది ఎలా మొదలైంది

అంబర్ అంటే ఎవరు?

తొమ్మిదేళ్ల పాప. పూర్తి పేరు అంబర్ హేగర్‌మన్. 1996 జనవరి 13న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో, మూతపడిన ఒక కిరాణా దుకాణం పార్కింగ్ స్థలంలో సైకిల్ తొక్కుతోంది. నల్ల పికప్ ట్రక్కులో వచ్చిన ఒకతను పాపను లాగి ట్రక్కులో వేసుకుపోయాడు. దగ్గర్లో ఉన్న ఒక పెద్దాయన కేకలు విన్నాడు, చూశాడు, వెంటనే పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చారు, వెతికారు. నాలుగు రోజుల తర్వాత ఒక వాగులో పాప శవం దొరికింది. చేసినవాడు ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఆర్లింగ్టన్ మా ఇంటికి కారులో ఎంతో దూరం కాదు. ఆ ఊరి మీదుగా వెళ్లిన ప్రతిసారీ నాకు ఆ సైకిల్ గుర్తొస్తుంది.

టీవీ, రేడియో ఆపి చెప్పాలనే ఆలోచన ఎవరికి వచ్చింది?

ఆ చుట్టుపక్కల ఉండే ఒక మామూలు తల్లికి. అంబర్ సంగతి విన్నాక ఆవిడ స్థానిక రేడియో స్టేషన్‌కి ఫోన్ చేసింది. తుఫాను వస్తుంటే పాటలు ఆపి చెబుతారు కదా, బిడ్డను ఎత్తుకెళ్తే ఎందుకు చెప్పరు అని ఆవిడ అడిగింది. ఆ ట్రక్కు కచ్చితంగా రోడ్ల మీదే తిరిగి ఉంటుంది, చూసినవాళ్లు చాలామందే ఉంటారు, కానీ తాము చూస్తున్నది ఏంటో వాళ్లకు తెలియదు. ఆవిడ బాధంతా అదే. డల్లాస్, ఫోర్ట్‌వర్త్ రేడియో స్టేషన్ల వాళ్లు స్థానిక పోలీసులతో కలిసి దాన్ని ఒక పద్ధతిగా మార్చారు.

1998లో ఆర్లింగ్టన్‌లోనే ఎనిమిది వారాల పసిపాపను చూసుకునే మనిషే ఎత్తుకుపోయింది. రేడియోలో అలర్ట్ విన్న ఒక డ్రైవర్ తన ముందు వెళ్తున్న బండి అదేనని గుర్తుపట్టి ఫోన్ చేశాడు. పాప క్షేమంగా దొరికింది. అలర్ట్ వల్ల బతికి బయటపడిన మొదటి బిడ్డ ఆ పాపే.

అమెరికా అంతటా ఎప్పటి నుంచి ఉంది?

2003 ఏప్రిల్ 30న 'ప్రొటెక్ట్' చట్టం వచ్చింది. దానితో న్యాయశాఖలో ఈ పని చూసేందుకు జాతీయ సమన్వయకర్తను పెట్టారు. 2005 కల్లా 50 రాష్ట్రాల్లోనూ వ్యవస్థ ఏర్పడింది. జనవరి 13ను ఏటా అంబర్ అలర్ట్ అవగాహన దినంగా పాటిస్తారు.

## అలర్ట్ ఇవ్వాలా వద్దా అనేది ఎలా తేలుస్తారు

ఎవరు నిర్ణయిస్తారు? మనమే టీవీ వాళ్లకి ఫోన్ చేయొచ్చా?

టీవీ వాళ్ల చేతిలో లేదు. నిర్ణయం పోలీసులది. న్యాయశాఖ సూచించిన ప్రకారం ఐదు సంగతులు చూస్తారు. అపహరణ జరిగిందని నమ్మడానికి ఆధారం ఉండాలి. బిడ్డ ప్రాణానికి గానీ ఒంటికి గానీ పెద్ద ముప్పు ఉందనిపించాలి. బిడ్డ గురించో, ఎత్తుకెళ్లిన మనిషి గురించో, బండి గురించో జనం గుర్తుపట్టగలిగేంత సమాచారం ఉండాలి. వయసు 17 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. వివరాలు జాతీయ నేర సమాచార కేంద్రంలో నమోదై ఉండాలి. రాష్ట్రాన్ని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దేశాధ్యక్షుడి స్థాయిలో వచ్చే జాతీయ ప్రకటనను మాత్రమే స్టేషన్లు తప్పనిసరిగా ప్రసారం చేయాలి. అంబర్ అలర్ట్‌ను వాళ్లు స్వచ్ఛందంగా ప్రసారం చేస్తున్నారు. ఆదాయం వచ్చే కార్యక్రమాన్ని ఆపి మరీ చేస్తున్నారు.

మా పక్క వీధిలో అబ్బాయి కనబడకుండా పోయాడు. పోలీసులు అలర్ట్ ఎందుకు ఇవ్వలేదు? పట్టించుకోలేదా?

పట్టించుకోలేదని కాదు. ఇంట్లో అలిగి వెళ్లిపోయిన పిల్లలు, దారి తప్పిన పిల్లల విషయంలో మామూలుగా అంబర్ అలర్ట్ ఇవ్వరు. ఎవరో ఎత్తుకెళ్లారనే ఆధారం ఉంటేనే ఇస్తారు. అమెరికాలో ఏడాదికి లక్షల సంఖ్యలో పిల్లలు తప్పిపోయినట్టు ఫిర్యాదులు వస్తాయి, వాటిలో ఎక్కువమంది త్వరగానే దొరుకుతారు. అంబర్ అలర్ట్‌లు మాత్రం దేశం మొత్తం మీద ఏటా 200 అటూ ఇటూగా ఉంటాయి. ప్రతిదానికీ టీవీ ఆపితే నెల తిరక్కుండానే జనం చెవులు మూసుకుంటారు.

ఆ తల్లిదండ్రులకు ఈ లెక్క చెబితే ఓదార్పు దక్కదు, నాకు తెలుసు. అలర్ట్ లేకపోయినా వెతుకులాట జరుగుతూనే ఉంటుందని, ఇరుగుపొరుగు కూడా వెతకొచ్చని మాత్రం వాళ్లకు చెప్పండి.

కన్నతండ్రే తీసుకెళ్తే అది కిడ్నాప్ ఎలా అవుతుంది?

అవుతుంది. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో కోర్టు చెప్పాక, ఆ మాట కాదని తీసుకెళ్తే అది ఇక్కడ నేరం. నిజానికి అంబర్ అలర్ట్‌ల్లో పెద్ద భాగం సొంతవాళ్లు తీసుకెళ్లిన కేసులే. అయితే ప్రతి తగాదాకీ అలర్ట్ రాదు. తీసుకెళ్లిన మనిషి బెదిరించాడనో, ఆయుధం ఉందనో, ఇంతకుముందు కొట్టాడనో ఉంటేనే పోలీసులు దాన్ని ప్రాణాపాయంగా చూస్తారు. 'సొంత నాన్నే కదా, వాళ్లింటి గొడవ' అని మన పెద్దవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. దయచేసి అలా తీసుకోవద్దు.

భార్యాభర్తల గొడవలో ఒకరు పిల్లల్ని ఇండియా తీసుకెళ్లిపోయేలా ఉన్నారు. అంబర్ అలర్ట్ ఆపుతుందా?

దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. విమానం ఎక్కేశాక అలర్ట్ వల్ల ఉపయోగం లేదు. పిల్లల అపహరణ మీద 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. కాబట్టి వెళ్లిపోయాక పిల్లల్ని వెనక్కి తెచ్చుకోవడం ఏళ్ల తరబడి సాగే కోర్టు వ్యవహారం అవుతుంది. ముందే చేయాల్సినవి ఉన్నాయి. కుటుంబ వ్యవహారాలు చూసే లాయర్‌ని కలిసి ప్రయాణం మీద కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. బిడ్డ అమెరికా పౌరుడైతే, విదేశాంగ శాఖలోని పిల్లల పాస్‌పోర్ట్ హెచ్చరిక పథకంలో పేరు నమోదు చేయిస్తే, ఆ బిడ్డ పేరు మీద పాస్‌పోర్టుకు ఎవరైనా దరఖాస్తు చేసినప్పుడు మీకు తెలియజేస్తారు. ఈలోగా ప్రాణభయం ఉందనిపిస్తే మాత్రం ఆలోచించకుండా ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి.

బిడ్డ పోయి గంటలు గడిచాక అలర్ట్ వస్తోంది. ఇంత ఆలస్యమేంటి?

ఆలస్యం ప్రమాదకరమే. అపహరించి చంపిన కేసుల మీద వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం చేసిన అధ్యయనంలో, సుమారు నాలుగింట మూడు వంతుల మంది పిల్లలు మొదటి మూడు గంటల్లోనే ప్రాణాలు కోల్పోయారని తేలింది. ఇంకోవైపు, తప్పు కారు నంబరుతో అలర్ట్ ఇస్తే ఊరంతా తప్పు కారు వెనక పడుతుంది. పోలీసులు ఈ రెండింటి మధ్య నలిగిపోతారు.

టెక్సాస్‌లో 2022 చివర్లో ఏడేళ్ల పాపను ఇంటి దగ్గరి నుంచే ఎత్తుకెళ్లి చంపేశారు. అలర్ట్‌కి కావలసిన ఆధారాలన్నీ వెంటనే లేకపోవడంతో అలర్ట్ ఆలస్యమైంది. దాని తర్వాత 2023లో ఆ పాప పేరుతోనే 'అథీనా అలర్ట్' అనే చట్టం తెచ్చారు. అంబర్ షరతులన్నీ పూర్తి కాకముందే, బిడ్డ చివరిసారి కనిపించిన చోటు చుట్టూ 100 మైళ్ల మేర హెచ్చరిక పంపే వీలు దానితో వచ్చింది. రావలసిన మార్పే వచ్చింది. ఒక పసిదాని ప్రాణం పోయాక వచ్చింది.

సిల్వర్, బ్లూ అని కూడా అలర్ట్‌లు వస్తున్నాయి. అవి కూడా పిల్లల కోసమేనా?

కాదు. సిల్వర్ తప్పిపోయిన వృద్ధుల కోసం, ముఖ్యంగా మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల కోసం. బ్లూ అంటే పోలీసు మీద దాడి చేసి పారిపోతున్న మనిషి గురించి.

## అలర్ట్ చూశాక మనం చేయాల్సింది

అంత వేగంగా పోయే అక్షరాల్లో ఏది గుర్తుపెట్టుకోవాలి?

బండి నంబరు. అది పూర్తిగా గుర్తుండకపోతే రంగు, మోడల్, నంబరులో మొదటి మూడు అక్షరాలు. బిడ్డ ముఖం చాలామంది గుర్తుపట్టలేరు, జుట్టు కత్తిరించొచ్చు, బట్టలు మార్చొచ్చు. బండి మార్చడం అంత తేలిక కాదు. అందుకే హైవే మీద పెద్ద బోర్డుల్లో కూడా బండి వివరాలే వేస్తారు. ఫోన్‌కి వచ్చినదైతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఓకే నొక్కితే మాయమైపోతుంది. ఇంట్లోంచి బయటికి వెళ్లే వాళ్లెవరైనా ఉంటే వాళ్లకి చదివి వినిపించండి.

నిజంగానే ఆ కారు కనిపించింది. వెంబడించాలా?

వద్దు. వెంబడిస్తే అతను భయపడి వేగం పెంచుతాడు, లోపల బిడ్డ ఉంది. 911కి ఫోన్ చేసి మీరున్న రోడ్డు పేరు, కారు ఏ దిక్కున వెళ్తోంది, ఏ ఎగ్జిట్ దాటింది, లోపల ఎంతమంది కనిపించారు అనేవి చెప్పండి. డ్రైవింగ్‌లో ఉంటే పక్కవాళ్ల చేత చేయించండి. కారు ఆగి ఉన్నా దగ్గరికి వెళ్లకండి, దూరం నుంచి నంబరు చూసి చెబితే చాలు. ఆలస్యంగా గుర్తొచ్చినా చెప్పొచ్చు. నిన్న పెట్రోల్ బంకులో చూసిన సంగతి కూడా పోలీసులకు పనికొస్తుంది.

పొరపాటుగా చెబితే మన మీద కేసు పెడతారా? మేం విజిటర్ వీసా మీద ఉన్నాం.

మంచి ఉద్దేశంతో చెప్పి పొరపాటైతే ఎవరూ ఏమీ అనరు. కావాలని అబద్ధం చెబితేనే నేరం. 911 వాళ్లకు కావలసింది మీరెక్కడున్నారు, ఏం చూశారు అనే సంగతి, మీ వీసా సంగతి కాదు. 'మనకెందుకొచ్చిన గొడవ' అని ఫోన్ పెట్టేయాలనిపిస్తే, ఆ కారులో ఉన్నది మీ మనవరాలే అనుకుని చూడండి.

అలర్ట్‌ని వాట్సాప్ గ్రూపుల్లో పంపొచ్చా?

పంపొచ్చు, కానీ తేదీ, ఊరు చూసి పంపండి. మూడేళ్ల కిందట దొరికిన బిడ్డ ఫోటో ఇంకా గ్రూపుల్లో తిరుగుతుండటం నేను చూశాను. ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తూ ఉండొచ్చు, ఆ ఫోటో తనను జీవితాంతం వెంటాడుతుంది. అధికారిక పేజీ లింక్ పంపడం మేలు. బిడ్డ దొరికిందని తెలిసిన వెంటనే మీరు పంపిన సందేశాన్ని తీసేయండి.

## మన బిడ్డే కనిపించకపోతే

24 గంటలు ఆగాకే ఫిర్యాదు తీసుకుంటారట కదా?

అబద్ధం. ఈ అపోహ వల్ల ఎంత సమయం వృథా అవుతుందో చెప్పలేను. తప్పిపోయిన పిల్లల విషయంలో పోలీసులు ఇంతసేపు ఆగాలనే నియమం పెట్టడానికి వీల్లేదని అమెరికా చట్టం 1990 నుంచీ చెబుతోంది. ఫిర్యాదు అందాక రెండు గంటల్లోపు వివరాలు జాతీయ నేర సమాచార కేంద్రంలో ఎక్కించాలి. బిడ్డ కనిపించలేదని మీకు అనిపించిన నిమిషంలోనే ఫోన్ చేయండి.

ముందు ఎక్కడ వెతకాలి?

నీళ్ల దగ్గర. అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్, పక్కనున్న చెరువు, బాత్‌టబ్. ఆటిజం ఉన్న పిల్లలు నీళ్ల వైపు వెళ్లడం ఎక్కువ, వాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. తర్వాత ఇంట్లో: అల్మరా లోపల, మంచం కింద, బట్టల కుప్పలో, కారు డిక్కీలో. ఒకరు వెతుకుతుంటే ఇంకొకరు 911తో మాట్లాడాలి, వెతకడం పూర్తయ్యే దాకా ఫోన్ ఆపొద్దు. బిడ్డ గదిని సర్దొద్దు. దువ్వెన, టూత్ బ్రష్, విడిచిన బట్టలు ఎక్కడివక్కడే ఉంచండి, పోలీసులకు అవసరమవుతాయి.

పోలీసులకు ఏం చెప్పాలి? కంగారులో ఏమీ గుర్తు రాదు కదా.

అందుకే ముందే రాసి ఫోన్‌లో పెట్టుకోవాలి. ఆరు నెలలకోసారి ముఖం స్పష్టంగా కనిపించే కొత్త ఫోటో తీయండి. పుట్టినరోజు మేకప్‌తో ఉన్నది కాదు, మామూలుగా ఉన్నది. ఎత్తు అడుగులు, అంగుళాల్లో, బరువు పౌండ్లలో. పుట్టుమచ్చలు, కళ్లజోడు, మందులు, అలర్జీలు.

మన పిల్లల విషయంలో ఇంకో రెండు. పాస్‌పోర్టులో పేరు, బడిలో పేరు ఒకేలా ఉండకపోవచ్చు, ఇంటిపేరు అటూ ఇటూ అయి ఉంటుంది, రెండూ చెప్పండి. ఇంట్లో పిలిచే పేరు కూడా తప్పకుండా చెప్పండి. భయపడి ఎక్కడో దాక్కున్న నాలుగేళ్ల బిడ్డ పాస్‌పోర్టు పేరుతో పిలిస్తే పలకదు, 'చిన్నీ' అంటే పలుకుతుంది.

ఇంట్లో అమ్మమ్మ తాతయ్యలే ఉన్నారు, వాళ్లకి ఇంగ్లీష్ రాదు. ఎలా?

911లో 'తెలుగు' అనే ఒక్క మాట చెబితే చాలు. చాలా కేంద్రాలు ఫోన్ మీదే దుబాసీని కలుపుతాయి, కొంచెం సేపు పట్టొచ్చు, లైన్ పెట్టేయకూడదు. ఇంటి అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఒకసారి వాళ్ల చేత చదివించండి కూడా. తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం నంబరు 1-800-843-5678 కూడా అక్కడే రాయండి. పోలీసులకు చెప్పాక దానికీ ఫోన్ చేయొచ్చు.

## ఆ తర్వాత

ఆ బిడ్డ దొరికిందో లేదో మనకెలా తెలుస్తుంది?

టీవీ ఇంకోసారి ఆగదు. మళ్లీ ఆ శబ్దం రాకపోతే ఏమైందో తెలియక మనసు పీకుతూ ఉంటుంది. రాష్ట్ర పోలీసుల పేజీలోనో, తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం వెబ్‌సైట్‌లోనో చూడండి. అలర్ట్ ఉపసంహరించుకుంటే అక్కడ కనిపిస్తుంది.

ఇదంతా నిజంగా పని చేస్తుందా?

అంబర్ అలర్ట్‌ల వల్ల ఇప్పటిదాకా 1,200 మందికి పైగా పిల్లలు దొరికారని అమెరికా న్యాయశాఖ లెక్క. కాదనేవాళ్లూ ఉన్నారు. నెవాడా విశ్వవిద్యాలయంలో నేరశాస్త్రం బోధించే తిమోతీ గ్రిఫిన్ ఈ కేసులను పరిశీలించారు. దొరికినవాళ్లలో ఎక్కువమంది సొంతవాళ్ల దగ్గరే ఉన్నారని, నిజంగా ప్రాణాపాయం ఉన్న కేసుల్లో అలర్ట్ అందేసరికే ఆలస్యమైపోతోందని ఆయన వాదన.

ఆ వాదనలో నిజముంది, కొట్టిపారేయను. కానీ మూడు గంటల గడువు గురించి తెలిసిన ఏ తల్లికైనా, ఆ వాదన చదివాక అలర్ట్ వద్దనిపించదు, అలర్ట్ ఇంకా త్వరగా రావాలనిపిస్తుంది. నేనూ అదే కోరుకుంటున్నాను.

అర్ధరాత్రి ఫోన్ మోగి పిల్లలు లేచిపోతున్నారు. ఆపేయొచ్చా?

అమెరికాలో ఆపేయొచ్చు. కెనడాలో ఆ వీలు లేదు. 2019 ఫిబ్రవరిలో అక్కడి ఒంటారియోలో ఒక రాత్రి, కన్నతండ్రి తీసుకెళ్లిన 11 ఏళ్ల పాప కోసం ఫోన్లన్నీ మోగాయి. నిద్ర చెడిందని కొందరు 911కే ఫోన్ చేసి విసుక్కున్నారు. అదే అలర్ట్ చూసిన మరో మనిషి కారును గుర్తుపట్టి చెప్పడంతో పాప తండ్రి దొరికాడు. పాప మాత్రం అప్పటికే ప్రాణాలతో లేదు.

మా ఇంట్లో మేం ఆపలేదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర ఎంత అపురూపమో నాకు తెలుసు. మరీ తప్పదనుకుంటే ఇంట్లో ఒక్క ఫోన్‌లోనైనా ఉంచండి, ఆ ఫోన్ పిల్లల గదిలో కాకుండా హాల్లో పెట్టండి.

అలర్ట్ చూసినప్పటి నుంచి మా అమ్మాయి ఒంటరిగా పడుకోనంటోంది. ఏం చెప్పాలి?

'ఏం లేదు పడుకో' అనొద్దు, వాళ్లు చదివేశారు. 'ఒక పాప కోసం అందరూ కలిసి వెతుకుతున్నారు, నువ్వు కనబడకపోయినా ఇలాగే అందరం వెతుకుతాం' అని చెప్పండి. మా అమ్మాయికి పనికొచ్చిన మాట ఇదే. తర్వాత తీరిగ్గా, ఎవరైనా చేయి పట్టి లాగితే గట్టిగా అరవాలని, అమ్మానాన్నల ఫోన్ నంబరు నోటికి రావాలని ఆటలాగా నేర్పండి.

## ఇండియాలో

మన దగ్గర టీవీ ఇలా ఆగుతుందా?

ఆగదు. తప్పిపోయిన పిల్లల కోసం అన్ని ఛానళ్లనూ ఒకేసారి ఆపే వ్యవస్థ ఇండియాలో లేదు. పేపర్లో 'కనబడుట లేదు' ప్రకటన, న్యూస్ ఛానల్లో కింద స్క్రోలింగ్, జాతరలో మైకు, ఇప్పుడు వాట్సాప్, ఇవే మనకున్నవి. 2023లో హైదరాబాద్‌తో సహా చాలాచోట్ల ఫోన్లు ఒక్కసారిగా మోగి 'ఎమర్జెన్సీ అలర్ట్' అని వచ్చింది గుర్తుందా? ప్రకృతి విపత్తుల కోసం చేసిన పరీక్ష అది. టవర్ల ద్వారా ఒకేసారి ప్రసారం చేసే పద్ధతి అమెరికా ఫోన్లలో ఉన్నలాంటిదే. అంటే సాంకేతికత మన దగ్గరా ఉంది. దాన్ని పిల్లల కోసం కూడా వాడమని మన ప్రభుత్వాలను అడగాలి.

ఆంధ్రాలోనో తెలంగాణలోనో బిడ్డ తప్పిపోతే వెంటనే ఏం చేయాలి?

112కి గానీ, పిల్లల సహాయ నంబరు 1098కి గానీ ఫోన్ చేయండి. దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లండి. 'ఇది మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. 'రేపు రండి' అంటే ఒప్పుకోవద్దు. బిడ్డ తప్పిపోయిందని ఫిర్యాదు వస్తే, వేరేలా తేలేదాకా అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట స్టేషన్‌లో గట్టిగా చెప్పండి.

కేంద్ర ప్రభుత్వ 'మిషన్ వాత్సల్య' పోర్టల్‌లో (ఇదివరకటి 'ట్రాక్ చైల్డ్' ఇందులోనే కలిసింది) వివరాలు ఎక్కాయో లేదో అడిగి తెలుసుకోండి. తెలంగాణ పోలీసులు తప్పిపోయిన పిల్లల ఫోటోలను ఆశ్రమాల్లో ఉన్న పిల్లల ఫోటోలతో 'దర్పణ్' అనే ముఖ గుర్తింపు సాధనంలో పోల్చి చూస్తారు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లల కోసం ప్రత్యేకంగా గాలిస్తారు. అందుకే మీరిచ్చే ఫోటో ముఖం స్పష్టంగా కనిపించేదై ఉండాలి. బస్టాండు, రైల్వే స్టేషన్‌కి ఇద్దరు మనుషుల్ని వెంటనే పరిగెత్తించండి, రైల్వే పోలీసులకు విడిగా చెప్పండి. జాతరకో పుష్కరాలకో వెళ్తుంటే బయల్దేరే ముందే బిడ్డ జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, ఆ రోజు వేసుకున్న బట్టలతో ఒక ఫోటో తీసుకోండి.